రెండు వేళ్ల మందు

అనగనగా ఒక అడవిలో ముక్కన్న అనే కాకి ఉండేది. ఆ అడవిలో పులి మాటకైనా ఎదురు చెప్పేవాళ్లు ఉండేవారేమో గానీ, ముక్కన్న మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. కాకికి అంత గౌరవమేమిటని నవ్వకండి పిల్లలూ. అదెలా వచ్చిందో ముందు చెబుతాను. అప్పటికీ నవ్వొస్తే నవ్వండి.

ముక్కన్న ముత్తాతల కాలంలో ఒక కాకి తాటిచెట్టు మీద వాలింది. వాలీ వాలగానే దబ్బున ఒక తాటిపండు కింద పడింది.

"చూశారా నా బలం! కాలు మోపితే పండు రాలింది!" అంది కాకి.

అడవి అడవంతా నమ్మింది. కాకిని మోసుకుని ఊరేగించింది. మరునాడు అందరూ చూస్తుండగా కాకి అదే చెట్టు మీద వాలింది. పండు రాలలేదు. ఎగిరి మళ్లీ వాలింది. రాలలేదు. పొద్దు వాలేదాకా తాను వాలుతూనే ఉంది. రెక్కలు నొప్పెట్టాయి గానీ ఒక్క పండూ రాలలేదు. నిన్నటి పండు తనంతట తానే మగ్గి రాలింది, సరిగ్గా అప్పుడే కాకి వచ్చి వాలింది, అంతే సంగతి.

కాకులకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే అవి ఒట్టు పెట్టుకున్నాయి. "ఇకమీదట ఈ అడవిలో ఎవరైనా 'ఇది నా వల్ల జరిగింది' అంటే, ముందు మేం మూడుసార్లు పరీక్ష పెట్టి లెక్క చూస్తాం. ఊరికే జరిగిందైతే ఒక్కసారి కావుమంటాం. నిజంగా దాని వల్లే జరిగిందైతే మూడుసార్లు కావుమంటాం" అన్నాయి.

అన్న మాట తప్పలేదు. నేను అరిస్తేనే వాన పడుతుందన్న కప్ప బడాయి ఒక్క కావుతో తేలిపోయింది. నక్క అమ్మజూపిన తాయెత్తులూ ఒక్క కావుతోనే తేలిపోయాయి. తమ కులపెద్ద చేసిన తప్పును దాచుకోకుండా, దాన్నే వృత్తిగా మార్చుకున్న కాకులు ఇంకెక్కడైనా ఉన్నాయా? ఈ ముక్క చెప్పేటప్పుడల్లా నాకు ఛాతీ పొంగుతుంది.

సరే, ఇక కథలోకి వద్దాం.

ఆ అడవిలో ఒక దుప్పుల మంద ఉండేది. ఏటా ఎండలు ముదిరేసరికి వాటి మడుగు ఎండిపోయేది. అవతల ఏ ఎండకూ ఎండని ఊటచెలమ ఒకటి ఉంది. మడుగుకూ చెలమకూ మధ్య ఒక గండి. ఇవతలి ఒడ్డు కాస్త వాలుగా ఉంటుంది. అవతలి ఒడ్డు నిట్టనిలువు బండ. దిగితే ఎక్కలేరు. దూకి దాటాల్సిందే.

గండి వెడల్పు ఏడు మూరలు. ఎవరి మూర అంటారా? ఎలుగుబంటి కరియమ్మ మూర. కొలవడానికి చేయి ఉన్నవాళ్లు అడవిలో ఇంకెవరున్నారు? కోతులకు ఉన్నాయి గానీ, కొలిచేదాకా కోతి ఒక చోట నిలబడదు కదా.

ఏడు మూరలంటే దుప్పులకు ఆట. కానీ ఆ ఏడాది వానాకాలం బురదలో గిట్టలకు జబ్బు తగిలింది. గిట్టలు చీలాయి, పుళ్లు పడ్డాయి. వానలు పోయాయి, చలి పోయింది, పుళ్లు మాత్రం పోలేదు. మందలో రెండు వందల దుప్పులు కుంటుతున్నాయి. అవి మహా అయితే నాలుగు మూరలు దూకగలవు.

మడుగు చూస్తే రోజురోజుకీ కుంచించుకుపోతోంది. బాగున్న దుప్పులు దూకి వెళ్లిపోవచ్చు. కానీ కాళ్లు లేనివాళ్లను వదిలి వెళ్లే అలవాటు ఆ మందకు లేదు. పోతే అందరూ పోవాలి, లేకపోతే అందరూ ఉండాలి.

మంద పెద్ద కొమ్ములయ్య కరియమ్మ దగ్గరికి వచ్చాడు. కరియమ్మ ఆ అడవికి వైద్యురాలు. వేరు వాసన చూసి దాని గుణం చెప్పగలదు.

"అమ్మా, నా మందను నిలబెట్టాలి" అన్నాడు కొమ్ములయ్య.

"నిలబెడతాను పెద్దయ్యా. నా మీద వదిలెయ్" అంది కరియమ్మ.

ఊరికే అనలేదు. నెల రోజులు కొండలన్నీ తిరిగింది. ఎన్నో ఆకులు నమిలి చూసింది. నాలుక పొక్కింది, అరికాళ్లు కోసుకుపోయాయి. చివరికి ఎత్తయిన నల్లరాతి కొండ కొసన ఎర్రతొడిమ తీగ ఒకటి దొరికింది. దాని ఆకు నూరి కడితే పుండు కాస్త చల్లబడుతోంది. కరియమ్మ ఆనందం అంతా ఇంతా కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు కదా, తన మందు తనకు ముద్దు కాదూ?

అయినా ఆచారం ఆచారమే. కరియమ్మ నేరుగా ముక్కన్న దగ్గరికి వెళ్లింది.

"తమ్ముడూ, పరీక్ష పెట్టు. నాదని మొహమాటపడకు" అంది.

"నాకు మొహమాటం ఉంటే కాకినెందుకవుతానక్కా, చిలకనయ్యేవాణ్ణి" అన్నాడు ముక్కన్న.

పరీక్ష ఎలా పెట్టాడో చూడండి. కుంటే దుప్పులు రెండు వందల్నీ రెండు సగాలు చేశాడు. ఒక సగానికి ఆకు పసరు. ఇంకో సగానికి ఉత్త మడుగు బురద. రెండింటిలోనూ ఒకే గబ్బు వేరు కలిపించాడు. రెండింటినీ మోదుగ ఆకుల్లో ఒకేలా కట్టించాడు. ఎవరి కాలికి ఏది కట్టారో దుప్పులకు తెలియదు. వాటిని దూకించి కొలిచే కరియమ్మకూ తెలియదు. ముక్కన్న ఒక్కడికే తెలుసు. వాడు నోరు విప్పడు.

వారం తరవాత దుప్పులన్నీ ఇసుకలో వరసగా దూకాయి. కరియమ్మ మూర పెట్టి కొలిచింది. ముక్కన్న లెక్క చూశాడు. బురద కట్టినవి నాలుగు మూరలు దూకాయి. ఆకు కట్టినవి నాలుగు మూరల మీద రెండు వేళ్లు దూకాయి.

రెండోసారి పరీక్ష పెట్టారు. మళ్లీ రెండు వేళ్లు.

మూడోసారి ముక్కన్న సగాలను తారుమారు చేశాడు. ఆకు వాళ్లకు బురద, బురద వాళ్లకు ఆకు. ఆకు ఎటు వెళ్తే ఆ రెండు వేళ్లూ అటే వెళ్లాయి.

ముక్కన్న మద్దిచెట్టు చివరి కొమ్మ ఎక్కాడు. అడవంతా ఊపిరి బిగబట్టింది.

"కావ్! కావ్! కావ్!"

అబ్బో, ఆ సంబరం చూడాలి! వడ్రంగిపిట్టలు మాను మీద డప్పు వాయించాయి. నెమళ్లు ఆడాయి. కరియమ్మ మెడలో ఇప్పపూల దండ వేశారు. ఇప్పపువ్వు అంటే ఎలుగుబంటికి ప్రాణం కదా, అయినా ఒక్క పువ్వైనా తుంచుకు తినలేదు, అంత గర్వపడింది ఆ దండను చూసుకుని.

"మూడు కావుల మందు! ఇక గండి దాటినట్టే!" అన్నాడు కొమ్ములయ్య. "బాగున్న దుప్పులన్నీ పొద్దున్నే నల్లరాతి కొండెక్కి తీగ తేవాలి. మడుగులో ఇంకా పన్నెండు రోజుల నీళ్లున్నాయి. రోజూ కట్టు మార్చండి. పన్నెండో రోజున అందరం దూకుదాం!"

పొద్దున్న వెళ్తే పొద్దు వాలాక గానీ రాలేని కొండ అది. రెండు రోజులు తిరిగేసరికి బాగున్న దుప్పులకూ మోకాళ్లు కొట్టుకుపోయాయి. అయినా ఎవరూ నోరెత్తలేదు. మూడు కావుల మందు మరి!

మూడో రోజు మధ్యాహ్నం కరియమ్మ ఆకు నూరుతోంది. అప్పుడు పొడసిరి అనే ఆడదుప్పి కుంటుకుంటూ వచ్చింది. ఒళ్లంతా దుమ్ము. మోకాళ్లు చెక్కుకుపోయి రక్తం కారుతోంది.

"ఏమైందే పొడసిరీ?" అని కంగారుగా లేచింది కరియమ్మ.

"గండి దూకానత్తా."

"ఇప్పుడే ఎవరు దూకమన్నారే నిన్ను?"

"మూడు కావుల మందు కట్టించుకున్నాను కదా, పన్నెండు రోజులు ఎందుకు ఆగాలి అనుకున్నాను. ఈ జబ్బు కొత్తలో ఒకసారి దూకి గండిలో పడ్డాను. ఇవాళ కూడా పడ్డాను." పొడసిరి కాస్త ఆగి, కరియమ్మ మొహంలోకి చూసింది. "నీ మందు అబద్ధం కాదత్తా. అప్పుడు పడ్డ చోటుకి రెండు వేళ్లు ముందుగా పడ్డాను."

కరియమ్మకు ఒళ్లు మండింది. "వెటకారమా? నేను నెల రోజులు కాళ్లు అరగదీసుకుని తెచ్చిన మందే అది! ముక్కన్న మూడుసార్లు అరిచాడు, వినలేదా?"

"విన్నాను. నేనూ గెంతాను అందరితో పాటు. వెటకారం కాదత్తా, అడుగుతున్నాను. నాకు తక్కువైంది మూడు మూరలు. నువ్విచ్చింది రెండు వేళ్లు. మిగతాది ఎక్కణ్ణుంచి తేను?"

కరియమ్మ పొడసిరి మోకాళ్లు కడిగి కట్టు కట్టింది. తరవాత రోలు కాలితో తన్నేసి, విసవిసా నడిచి మద్దిచెట్టు కిందికి వెళ్లింది.

"ఒరే ముక్కన్నా! దిగిరా కిందికి! నా మందు పనిచేస్తుందని అరిచావా లేదా?"

"అరిచాను" అన్నాడు ముక్కన్న, దిగి వచ్చి.

"మరి పొడసిరి గండిలో ఎందుకు పడింది?"

"గండి దాటుతారని నేను అరవలేదక్కా. ఆ రెండు వేళ్లు ఊరికే వచ్చినవి కావు, నీ మందు వల్లే వచ్చాయి అని అరిచాను. నా పని అదే. ఆ రెండు వేళ్లు చాలునా అని నన్నెవరూ అడగలేదు."

"అడక్కపోతే చెప్పవా?"

ముక్కన్న తల వంచుకున్నాడు. "చెప్పాల్సింది. అందరూ గెంతుతుంటే నేనూ గెంతాను. ఇంకో మాట కూడా చెబుతాను విను. ఏ నాలుగైదు దుప్పులకో కట్టి చూస్తే ఆ తేడా ఎవరి కంటికీ ఆనేది కాదు. రెండు వందల దుప్పుల్ని దూకించి కొలిచాం కాబట్టి దొరికింది. అంత చిన్నదది. కొండను తవ్వి ఎలుకను పట్టామక్కా. అది నిజం ఎలుకే, కాదన్నవాణ్ణి నేను ముక్కుతో పొడుస్తాను. కానీ ఎలుక ఎలుకే కదా."

కరియమ్మ అక్కడే చతికిలబడింది. మెడలో దండ వాడిపోయి ఉంది. ఇప్పుడేం చెయ్యాలి?

నోరు మూసుకుంటే దండ మెడలోనే ఉంటుంది. పన్నెండో రోజున దుప్పులు గండిలో పడితే, "ముక్కన్న మూడుసార్లు అరిచాడు, నా తప్పేముంది?" అని తప్పించుకోవచ్చు. అన్నీ నిజాలే చెప్పినట్టవుతుంది కూడా. నోరు విప్పితే అడవిలో ఇంతవరకూ ఏ వైద్యుడికీ రాని పేరు తన చేతులతో తానే తీసేసుకున్నట్టు. పైగా ఇంకో దారి కూడా తన దగ్గర లేదు.

లేచి మళ్లీ పొడసిరి దగ్గరికే వెళ్లింది.

"ఏమే, నిన్ను ముందే అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. నీకేం కావాలే?"

పొడసిరి ఆలోచించింది. "దూకడమే కావాలని నేనెప్పుడూ అనలేదత్తా. నాకు అవతలికి వెళ్లడం కావాలి. చెలమలో నీళ్లు తాగడం కావాలి. నడిచి వెళ్లే దారి ఉంటే నాకీ మూరలెందుకు, వేళ్లెందుకు?"

కరియమ్మ గండి వైపు చూసింది. ఇవతలి ఒడ్డున వాలంతా రాళ్లూ మట్టీ. ఎలుగుబంటి కదా, తవ్వదగ్గ మట్టి కనబడితే గోళ్లు వాటంతటవే కదులుతాయి.

మరునాడు పొద్దున్నే అడవినంతా గండి దగ్గరికి పిలిచింది. అందరూ వచ్చాక, మెడలోంచి దండ తీసి ఒక రాయి మీద పెట్టింది.

"ఈ గండి ఏడు మూరలు. కుంటేవాళ్లు దూకేది నాలుగు మూరలు. నా మందు కలిపేది ఇంత" అని రెండు వేళ్లు పైకెత్తి చూపింది. అందరికీ కనబడేలా అటూ ఇటూ తిప్పి చూపింది. "నా మందు నిజం. ముక్కన్న అరిచింది నిజం. కానీ నా మందు చాలదు. ఇంకెవ్వరూ దాని కోసం కొండెక్కొద్దు."

కొమ్ములయ్యకు మొదట కోపం వచ్చింది, తరవాత భయం వేసింది.

"మూడు కావుల మందును నువ్వే కాదంటావా? అడవి పరువేం కావాలి? మా మంద ఏం కావాలి?"

"పరువు సంగతి తరవాత పెద్దయ్యా. మడుగులో ఇంకా తొమ్మిది రోజుల నీళ్లున్నాయి. కొండెక్కే కాళ్లన్నీ ఇటు రానీ. నేనూ మా ఎలుగులూ అడవిపందులూ ఒడ్డు తవ్వుతాం. మీరు రాళ్లు దొర్లించండి. గండి పూడ్చి దారి వేద్దాం."

కొమ్ములయ్య కొమ్ములు పైకెత్తాడు. "దుప్పి జాతి దూకి దాటుతుంది. మా తాతలు దూకారు. రాళ్ల మీద మేకల్లా నడిచి దాటామంటే నలుగురూ నవ్వరూ?"

అప్పుడు పొడసిరి కుంటుకుంటూ ముందుకొచ్చింది. "పెద్దయ్యా, రెండుసార్లు దూకాను. రెండుసార్లూ దుప్పి జాతి లాగే దూకాను. కింద పడ్డప్పుడు మాత్రం నవ్వడానికి కూడా ఎవరూ లేరు."

కొమ్ములయ్య ఆమె మోకాళ్ల కట్టు వైపు చూశాడు. తరవాత వెళ్లి, అక్కడున్న వాటిలోకెల్లా పెద్ద రాయికి తన కొమ్ములు ఆనించి తోశాడు. రాయి దొర్లి దబ్బున గండిలో పడింది.

ఇక చూడండి పని! ఎలుగులు తవ్వాయి. అడవిపందులు మూతులతో మట్టి నెట్టాయి. దుప్పులు రాళ్లు దొర్లించాయి. కోతులు కూడా ఒక చోట నిలబడి పనిచేశాయంటే మీరు నమ్మరు. మూడు రోజులకు గండి అడుగు పైకి లేచింది. ఆరు రోజులకు సగం నిండింది. తొమ్మిదో రోజు పొద్దున మడుగులో తడి బురద మాత్రమే మిగిలింది. ఆ రోజే చివరి రాయి పడింది.

ముందు పొడసిరి నడిచింది. ఒక అడుగు, ఇంకో అడుగు. మధ్యలో ఒకసారి ఆగి కిందికి చూసింది, తాను పడ్డ చోటు ఎక్కడో రాళ్ల కింద ఉంది. అవతలి ఒడ్డెక్కి, చెలమలో మూతి పెట్టింది. ఆమె వెనక కుంటుతూ కుంటుతూ మిగతా కుంటే దుప్పులన్నీ నడిచాయి. ఒక్కటీ పడలేదు. బాగున్నవాళ్లు దూకగలిగీ దూకలేదు, వాళ్లతో పాటే నడిచారు. అందరికన్నా చివర కొమ్ములయ్య, తల ఎత్తుకుని, మేకలా నడిచి దాటాడు.

"ముక్కన్నా, పరీక్ష పెట్టవా? అరవవా?" అని అడిగింది కరియమ్మ.

"దీనికి నేనెందుకక్కా? కళ్లుంటే చాలు" అన్నాడు ముక్కన్న.

వానాకాలం వచ్చేసరికి ఆ చెలమ ఒడ్డున దుప్పుల గిట్టలు మానిపోయాయి. నీళ్ల వల్ల మానాయా, విశ్రాంతి వల్ల మానాయా అని అడిగితే ముక్కన్న, "లెక్క చూడలేదు, కాబట్టి చెప్పను" అన్నాడు. వాడి తీరు మారదు. మారకూడదు కూడా.

కానీ ఆచారంలో ఒక్కటి మాత్రం మారింది. ఇప్పుడు ఆ అడవిలో ఏ మందుకైనా కాకి మూడుసార్లు అరిచాక ఎవరూ గెంతరు. అందరూ నిశ్శబ్దంగా జబ్బుపడినవాళ్ల వైపు తిరుగుతారు. "నీకు చాలిందా?" అని అడుగుతారు. చాలిందని వాళ్లు తల ఊపాకే వడ్రంగిపిట్టలు డప్పు వాయిస్తాయి.

ఇక కరియమ్మ మందు సంగతి అంటారా? దానికి 'రెండు వేళ్ల మందు' అని పేరు స్థిరపడిపోయింది. పక్క అడవి వాళ్లు ఎగతాళి చేస్తే కరియమ్మ సిగ్గుపడదు.

"ఆ, రెండు వేళ్లే! కనిపెట్టిందీ నేనే, చాలదని చెప్పిందీ నేనే" అంటుంది, రెండు వేళ్లూ పైకెత్తి.

అప్పుడు ఆ చుట్టుపక్కల దుప్పి పిల్లలు ఎవరున్నా సరే, వేళ్లు లేవు కదా పాపం, ముందరి కాలెత్తి గిట్ట రెండు సగాలూ విడదీసి చూపిస్తాయి. ఈమె మా అడవి వైద్యురాలు అని దానర్థం.

నీతి: మందు పనిచేసిందా అని మాత్రమే అడిగి ఊరుకోకూడదు; జబ్బుపడినవాళ్ల అవసరానికి అది చాలిందా అని వాళ్లనే అడగాలి. చాలనప్పుడు చాలదని ఒప్పుకున్నవాళ్లే తలెత్తుకు తిరగగలరు.